కుప్పం ప్రాసెసరు, మదనపల్లె బోర్డు

శాలేము రాజు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చదువు మానేశాడని లోకం అంటుంది. రాజు చెప్పే కథ వేరు. కాలేజీ వాళ్ల దగ్గర తనకు నేర్పడానికి సరుకు అయిపోయిందట. ఆ మాట మొహమాటంతో చెప్పలేక వాళ్లు నలిగిపోతుంటే చూడలేక తానే బయటికి వచ్చేశాడట. అప్పటినుంచి పద్నాలుగేళ్లుగా మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి గేటు ఎదురుగా జిరాక్సు షాపు నడుపుతున్నాడు. షాపులో ఒక జిరాక్సు మిషను, ఒక లామినేషన్ మిషను, ఒక కంప్యూటరు. కంప్యూటరుకు రాకెట్టు అని పేరు. దాన్ని తన చేతులతోనే బిగించుకున్నాడు. రాకెట్టును ఆన్ చేస్తే టమాటా మార్కెట్టు దాకా లైట్లు ఒకసారి మినుక్కుమంటాయని చెబుతాడు. అప్లికేషన్లు పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఎవరూ అంతదూరం పోయి చూసి రాలేదు కాబట్టి ఆ మాట అలాగే నిలబడిపోయింది.

రామసముద్రంలో ఒక ఆఫీసులో మూడు నెలలు పడుకున్న కంప్యూటరును వాసన చూసి లేపాడన్నది రాజు చెప్పే కథల్లో పెద్దది. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు చేతులెత్తేస్తే, రాజు వంగి ఒక్క పీల్పు పీల్చి, మూడో వరసలో నాలుగో ముక్క కాలిందని చెప్పాడట. ఇంజనీరు ఆయన కాళ్లకు దండం పెట్టాడని ఒకసారి, వద్దంటున్నా టిఫిను పెట్టించాడని ఒకసారి చెబుతాడు. ఏదైనా సరే, ఆ కథ పుణ్యమా అని రాజుకు ఒక అలవాటు స్థిరపడింది. డబ్బాల మీద, చిప్పుల మీద రాసినవి చదవడు. చదవడం తెలియనివాళ్ల పనని ఆయన ఉద్దేశం. బరువు చూస్తాడు, వాసన చూస్తాడు, తల ఊపుతాడు.

ఆ మంగళవారం పుంగనూరు నుంచి ఫ్లారెన్స్ అత్త ఫోన్ చేసింది. రాజుకు మేనత్త. ఇదే మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, రిటైరయ్యాక పుంగనూరులో చిన్న ఇల్లు కట్టుకుని కూతురు మెర్లిన్‌తో ఉంటోంది. మోకాళ్లు పోయాయి. ఇల్లు దాటి వెళ్లే శక్తి లేదు. తల్లిని వదిలి మెర్లిన్‌కు కూడా ఎక్కడికీ పోయే వీలు లేదు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కోసం ఎనిమిది నెలలుగా వెతికితే, బెంగళూరులో ఒక కంపెనీ సరేనంది. డాక్టర్లు మాట్లాడింది చెవిలో విని టైపు చేసే పని. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు పరీక్ష. ఇంట్లోనే, సొంత కంప్యూటరు మీదే రాయాలి. ఫోను మీద కుదరదు, ఇంటర్నెట్టు సెంటరు కుదరదు. ఆ గంటకు కంప్యూటరు లేకపోతే పేరు తీసేస్తారు. మళ్లీ పిలుపు ఎప్పుడో వాళ్లకే తెలియదు.

అత్త దగ్గర పన్నెండు వేలు ఉన్నాయి. మామ బతికున్నప్పుడు కొన్న పాత మానిటరు ఉంది, నీలం మూతి వైరుది. మిగిలిందంతా ఆ పన్నెండు వేలలో రావాలి. చెవులకు పెట్టుకునే మంచి హెడ్‌ఫోనుతో సహా.

రాజు ఫోనులోనే నవ్వాడు. పన్నెండు వేలకు తాను కంప్యూటరు చేసి, మిగిలిన దాంట్లో అత్తకు చీర కూడా తెస్తానన్నాడు. వెనకనుంచి మెర్లిన్ ఫోను లాక్కుంది.

"బావా, రాకెట్టులు అక్కర్లేదు. టైపు కొడితే అచ్చరం పడాల. అంతే. చేస్తావా, వేరేవాళ్లను సూసుకోమంటావా?"

"ఓసి, పుంగనూరులో నీకు నాకంటే వేరేవాడు యాడుండాడు?"

"నువ్వు లేనన్నాళ్లూ అందురూ ఉండారు బావా," అంది మెర్లిన్, ఫోను తల్లికిచ్చేసింది.

ఇంత బడ్జెట్టులో కంప్యూటరు చేయాలంటే దారి ఒకటే. ప్రాసెసరు పాతది కొనాలి, బోర్డు కొత్తది కొనాలి. పాత ప్రాసెసర్లకు కుప్పం వెంకటముని. బెంగళూరు ఆఫీసులు పక్కన పడేసిన కంప్యూటర్లు రైల్లో కుప్పం దిగితే, విప్పి, పనికొచ్చేవి ఏరి అమ్ముతాడు. మనిషి నిజాయితీపరుడు. బేరం తెలుగులో చేస్తాడు, తిట్లు కన్నడంలో తిడతాడు, లెక్క అరవంలో పెడతాడు. ఉన్నది బటన్ల ఫోను. రెండు వేలకు పనికొచ్చే ఐత్రీ రకం ప్రాసెసరు ఒకటి తీసి పెడతానని రాజుకు బుధవారమే మాట ఇచ్చాడు. ఏ తరంది అని రాజు అడగలేదు. ఇచ్చేవాడికి తెలుసు, పుచ్చుకునేవాడు తాను. ఇంక అడిగేదేముంది అనుకున్నాడు.

గురువారం బోర్డు కోసం బాలాజీ షాపుకు వెళ్లాక ఆ ప్రశ్నే ఎదురొచ్చింది.

బాలాజీ మదనపల్లె బజారులో కంప్యూటరు సామాన్ల షాపు పెట్టి పదేళ్లయింది. తక్కువ మాట్లాడతాడు. ఆ తక్కువ మాట్లాడటమే రాజుకు నచ్చదు. బల్ల మీద ఏడు బోర్డుల డబ్బాలు పేర్చి గమ్మున నిలబడ్డాడు. ఒకదానికి నీలం మూతి వైరు పెట్టే చోటు లేదు, అత్త మానిటరు తగలదు. పక్కకు పోయింది. ఒకదానికి ర్యామ్ పాత రకం కావాలి, ఆ ర్యామ్ ఊళ్లో లేదు. అదీ పక్కకు పోయింది. రెండింటి ధర వినగానే రాజు వాటిని చూడనట్టే ముఖం తిప్పుకున్నాడు. ఇంకోదాని పేరు బాలాజీకే పలకడం రాలేదు. ఆరు నెలల గ్యారంటీ అన్నాడు గానీ, ఎవరి గ్యారంటీ అంటే బాలాజీ పైకి చూశాడు.

చివరికి రెండు మిగిలాయి. అన్నదమ్ముల్లా ఒకేలా ఉన్నాయి. ప్రాసెసరు కూర్చునే గూడు కూడా ఒకటే, గూటి పేరూ ఒకటే, పదకొండు యాభై ఒకటి. కానీ ఒకటి ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లకే పలుకుతుంది. ఇంకోటి ఎనిమిది, తొమ్మిది తరాలకే. తప్పు తరందాన్ని పెట్టినా గూట్లో చక్కగా కూర్చుంటుంది, మూత పడుతుంది, ఫ్యాను తిరుగుతుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు. ఇంత మోసపు ఏర్పాటు ఎవరు కనిపెట్టారోనని రాజుకు ఒళ్లు మండింది. గొళ్లెం పడని తలుపును నమ్మవచ్చు. ఇది గొళ్లెం పడి కూడా తెరుచుకోని తలుపు.

ఆరు, ఏడు తరాలది పన్నెండు వందలు తక్కువ. ఆ పన్నెండు వందలు మిగిలితే మెర్లిన్‌కు అసలైన హెడ్‌ఫోను వస్తుంది. లేకపోతే రెండు వందల రూపాయలది, ఒక చెవి పలికేది తీసుకోవాలి. డాక్టరు చెప్పే మాట ఒక చెవితో వినే పిల్ల ఏం టైపు చేస్తుంది.

"ముందు ప్రాసెసరు తెచ్చుకో. దాని మీద సదివి, ఆమీట బోర్డు కొను," అన్నాడు బాలాజీ.

"నాకు చెప్తాండావా బాలాజీ? నేను బోర్డులు బిగించేటప్పుడు నువ్వు మీ నాయన అంగట్లో చింతపండు తూస్తాండావు."

"డబ్బా తెరిస్తే మళ్లా తీసుకోను. ముందే చెప్తాండా."

రాజు అక్కడే నిలబడి, బాలాజీ వినేలా స్పీకరు పెట్టకుండా, తనొక్కడే వినేలా ఫోను చెవికి అదుముకుని వెంకటమునికి కలిపాడు. అవతల కుప్పం స్టేషను. రైలు వచ్చే గోల, టీ అమ్మేవాళ్ల గోల.

"వెంకటమునీ, మనది ఏడో తరందే గదప్పా?"

రైలు కూత నడుమ వెంకటముని గొంతు వినిపించింది. "ఎట్టు."

ఎట్టా పంపాలని అడుగుతున్నాడనుకున్నాడు రాజు. "ఎట్టేముందప్పా, మదనపల్లె బస్సులో కండక్టరు చేతికియ్యి. నేను బస్టాండులో తీసుకుంటా."

"సరి, సరి. ఎట్టు. బాగుండాది."

ఫోను జేబులో వేసుకుని రాజు బాలాజీ వైపు విజయం సాధించినవాడిలా చూశాడు. చవక బోర్డు తీసుకున్నాడు. కంప్యూటరు ఇనుప డబ్బా, ర్యామ్, హెడ్‌ఫోను తీసుకున్నాడు. బాలాజీ చీటీ రాసి, డబ్బా తెరిస్తే వాపసు లేదని చీటీ మీద కూడా రాసిచ్చాడు. అది కూడా రాజు చదవలేదు.

శుక్రవారం వస్తుందన్న పొట్లం రాలేదు. శనివారం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మదనపల్లె బస్టాండులో రాజు మూడు బస్సులకు ఎదురువెళ్లాడు. మొదటి బస్సు కండక్టరు పొట్లమంటే ఏం పొట్లమన్నాడు. రెండోవాడు మైసూరుపాకు డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు గానీ అందులో నిజంగానే మైసూరుపాకు ఉంది, దాని సొంతదారు వెనకే పరుగెత్తుకొచ్చాడు. మూడో బస్సులో, డ్రైవరు సీటు వెనక, అగరుబత్తుల డబ్బాలో, దూది చుట్టి, ప్రాసెసరు వచ్చింది. కుప్పం నుంచి బస్సు పుంగనూరు మీదుగానే మదనపల్లె వస్తుంది. అంటే ఆ ప్రాసెసరు గంట ముందే అత్త ఇంటికి అరమైలు దూరంలోంచి పోయి, ముప్పై కిలోమీటర్లు ఇటు వచ్చింది. మళ్లీ దాన్ని, మిగతా సామాన్లను మోసుకుని రాజు పుంగనూరు బస్సు ఎక్కాడు. పుంగనూరు బస్టాండులోనే తీసుకుంటానని చెప్పి ఉండవచ్చన్న ఆలోచన సగం దారిలో వచ్చింది. ఆ ఆలోచనను ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో అడుగుపెడితే సంత. అత్త సంగతి రాజు మరిచిపోయాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను వచ్చినా, ఫ్రిజ్జు వచ్చినా, మిక్సీ వచ్చినా చర్చి అయ్యగారు ప్రార్థన చేయందే స్విచ్చి వేయనివ్వదు. సాయంత్రం ఐదు గంటలకు దయానందం అయ్యగారిని రమ్మని చెప్పింది. స్త్రీల సమాజం నుంచి ఆరుగురు అక్కలు ముందే వచ్చి చాప మీద కూర్చుని ఉన్నారు. మిక్చరు పళ్లెం తిరుగుతోంది. నాలుగున్నరైంది. రాజు చేతిలో ఇంకా ఖాళీ కంప్యూటరు డబ్బా, విడివిడి సామాన్లు.

అరగంటలో బిగించాలి. అక్కలు చూస్తున్నారు కాబట్టి చూసేవాళ్లకు తగ్గట్టుగా బిగించాలి. ప్రాసెసరును రెండు వేళ్లతో పైకెత్తి, బరువు చూసి, ఏడో తరమేనని చాప వైపు ప్రకటించాడు. ఒక అక్క స్తోత్రం అంది. గూట్లో పెట్టాడు, చక్కగా కూర్చుంది. మూత వేశాడు, పడింది. పైన తెల్లటి పేస్టు ధారాళంగా పూసి ఫ్యాను బిగించాడు. రామసముద్రం కథ మొదలుపెట్టి ఇంజనీరు టిఫిను దగ్గరికి వచ్చేసరికి వైర్లన్నీ తగిలించేశాడు.

దయానందం అయ్యగారు డబ్బా మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. మెర్లిన్ వేళ్ల కోసం, కరెంటు పోకుండా ఉండటం కోసం, బెంగళూరు డాక్టర్లకు మాట స్పష్టంగా రావడం కోసం కూడా చేశాడు. ఆమెన్ అన్నాక మెర్లిన్ బటన్ నొక్కింది.

ఫ్యాను తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. మళ్లీ ఆగింది. తెర నల్లగా ఉంది.

అత్త కుర్చీలోంచి ముందుకు వంగి డబ్బాను రోగిని చూసినట్టు చూసింది. "ఊపిరాడతాండాది గానీ తెలివి లేదు," అంది.

రాజు మొదట పుంగనూరు కరెంటును తప్పుపట్టాడు. ప్లగ్గు మార్చాడు. తర్వాత మామ మానిటరును తప్పుపట్టాడు, చనిపోయిన మనిషి సొమ్ము కాబట్టి గట్టిగా అనలేక ఊరుకున్నాడు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఊదాడు. ఇంకోసారి రుద్దాడు. వంగి వాసన కూడా చూశాడు. కొత్త బోర్డు వాసన తప్ప ఏమీ రాలేదు. అయ్యగారు మెల్లగా దగ్గరికి వచ్చి, ఇంకో ప్రార్థన చేద్దామా నాయనా అని అడిగాడు. రాజుకు చెమట కళ్లలోకి దిగింది. అక్కలు ఒక్కొక్కరే లేచి, దేవుని చిత్తం అమ్మా అని అత్తకు చెప్పి వెళ్లిపోయారు. ఆ ఓదార్పే రాజుకు ఎక్కడలేని కడుపుమంట తెప్పించింది. చావుకు వచ్చినవాళ్లు చెప్పే మాట అది.

మెర్లిన్ మాత్రం చాప చుట్టి మూలన పెట్టి, రాజు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆమె ముఖంలో వెటకారం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది రాజుకు.

"బావా, ఇది ఏడో తరందని నీకెవురు చెప్పిరి?"

"వెంకటముని."

"నువ్వు సదివినావా?"

"సదివేదేంది? బరువు సూస్తే తెలీదా?"

అత్త అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు. వార్డులో కొత్త నర్సుతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మందు సీసా తీసేటప్పుడు ఒక తూరి పేరు సదవాల. పోసేటప్పుడు ఒక తూరి. తిరిగి పెట్టేటప్పుడు ఒక తూరి. ముప్పై నాలుగేండ్లు అట్లే చేసినా. నువ్వు పోసిన మందు పేరేందో తీసి సూడు నాయనా."

రాజు గునిగాడు. పేస్టు పూశాక తీయకూడదన్నాడు. తీస్తే పాడవుతుందన్నాడు. మెర్లిన్ వినలేదు, అలమరాలోంచి స్పిరిటు సీసా, దూది తెచ్చి ఇచ్చింది. ఇక తప్పక ఫ్యాను విప్పాడు. తెల్లటి పేస్టు కింద ప్రాసెసరు వీపు. ఆమే తుడిచింది, పుండు తుడిచినంత నెమ్మదిగా. ముందు ఐత్రీ అని కనిపించింది. ఆ పక్కన గీత. గీత పక్కన అంకె.

"ఎనిమిది," చదివింది మెర్లిన్. ఇంకోసారి తుడిచి చదివింది. లైటు కిందికి జరిపి మళ్లీ చదివింది. "మూడు తూర్లు సదివినా బావా. ఎనిమిదే. మారలా."

రాజు వరండాలోకి వచ్చి వెంకటమునికి ఫోన్ చేసి, ఎప్పుడూ రాని పొట్టి మాటల్లో అరిచాడు. ఎనిమిదోది ఇచ్చి ఏడోదని యాల చెప్పినావని అడిగాడు. అవతల వెంకటమునికి బాధ కలిగింది.

"ఏడని నేను యాడ చెప్పినా? ఎట్టు అని రెండు తూర్లు చెప్పినా గదప్పా. ఎట్టు అంటే అరవంలో ఎనిమిది. నువ్వే బస్సులో పంపమంటివి, అట్లే పంపిస్తి."

రాజు మెట్టు మీద కూర్చున్నాడు. చిత్తూరు దిక్కున పుట్టి, కుప్పం వాళ్లతో పద్నాలుగేళ్లు వ్యాపారం చేసి, అరవపు ఎనిమిదిని ఎట్టా అని విన్నవాడు భూమ్మీద తానొక్కడే అయి ఉంటాడు. ఇంత పెద్ద కథ చేతికి దొరికింది, ఎవరికీ చెప్పుకునే వీలు లేదు.

బాలాజీకి ఫోన్ చేశాడు. నిమ్మనపల్లెలో బంధువుల పెళ్లిలో ఉన్నాడు. ఆదివారం షాపు లేదు, ఎనిమిదో తరం బోర్డు వేరే ఎవరో తీసుకుపోయారు, మళ్లీ మంగళవారం వస్తుంది. డబ్బా తెరిచావా అని మాత్రం అడిగాడు. రాజు ఫోను పెట్టేశాడు.

సోమవారం తొమ్మిదిన్నర. మధ్యలో ఉన్నది ఆదివారం ఒక్కటే. మెర్లిన్ హెడ్‌ఫోను డబ్బాలోంచి తీసి, తలకు పెట్టుకుని, తీగ ఎక్కడా తగిలించకుండానే కూర్చుంది. ఎనిమిది నెలలుగా వెతికిన ఉద్యోగం ఆ తీగ చివర వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఉండలేక రాజు గట్టిగా అన్నాడు, తన రాకెట్టునే తెచ్చి పెడతానని. మదనపల్లె నుంచి మొత్తం డబ్బా తెచ్చేస్తే పని అయిపోతుందని.

అత్త ఒప్పుకోలేదు. అయ్యగారు చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది ఈ డబ్బాకు. దీన్ని మూలన పడేసి ఇంకో డబ్బా పెట్టడం కుదరదు. లోపల ఏం మారుస్తావో నీ ఇష్టం అంది. రాజు వాదించాడు. ప్రార్థన ఇనుపరేకుకు కాదు, లోపలి సామానుకని అన్నాడు. అయ్యగారి చెయ్యి ఇనుపరేకు మీదే ఉండిందని అత్త గుర్తుచేసింది. ఆ వాదం అక్కడే ముగిసింది. రాకెట్టు లోపలి బోర్డు ఎనిమిది, తొమ్మిది తరాలది. ఆ మాట రాజు నోటితోనే ఆ వాదంలో బయటపడింది. వెనక్కి తీసుకోలేని మాట.

ఆదివారం గుడిలో ఆరాధన ముగిసేసరికి పన్నెండు దాటింది. మధ్యాహ్నం మదనపల్లెలో షట్టరు సగం ఎత్తి, కింద దూరి, రాకెట్టును నేల మీద పడుకోబెట్టాడు రాజు. ఎనిమిది స్క్రూలు. విప్పుతూ విప్పుతూ ఎవరో చూస్తున్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. దాని ప్రాసెసరు తీసి అగ్గిపెట్టెలో పెట్టాడు. బోర్డును పాత టవలులో చుట్టాడు. పుంగనూరు బస్సులో సీటు దొరకలేదు. టమాటా ఖాళీ డబ్బాల మధ్య నిలబడి, టవలు పొట్లాన్ని తల కంటే ఎత్తులో పట్టుకుని గంటసేపు వచ్చాడు. పక్కనున్న ఆవిడ కోడిగుడ్లా అప్పా అని అడిగింది. ఔనన్నాడు. అబద్ధం చెప్పి కూడా దానికి కథ కట్టకుండా ఉన్నది బహుశా అదొక్కసారే.

సాయంత్రం నాలుగున్నరకు మెర్లిన్ బటన్ నొక్కింది. ఈసారి చాప మీద ఎవరూ లేరు. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. డబ్బాలోంచి ఒక్క కూత వచ్చింది. మామ మానిటరు తెల్లగా వెలిగింది.

"తెలివొచ్చింది," అంది అత్త.

మెర్లిన్ అప్పటికే కీబోర్డు ముందుకు లాక్కుంది. ఒక పేజీ టైపు కొట్టి చూసుకున్నాక అడిగింది. "మరి నీ షాపు బావా?"

"రాకెట్టుకు రెస్టు ఇచ్చినా. మోటారు వేడెక్కి పోతాండాది, ఊరంతా దాని మీదే నడిస్తే ఎట్ట?"

"అట్లనా," అంది మెర్లిన్. తెర మీదనుంచి కళ్లు తీయలేదు గానీ, లేచి వెళ్లి అతనికి కాఫీ పెట్టింది. అడగకుండా ఆమె రాజుకు కాఫీ ఇవ్వడం ఇంతకుముందు జరగలేదు.

సోమవారం షాపు తెరిచాడు. అప్లికేషన్లకు వచ్చినవాళ్లను పక్క వీధి సెంటరుకు పంపుతూ, ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాడు. రాకెట్టును ఒక పెద్ద కంపెనీ పరిశీలనకు అడిగిందని ఒకరికి, ఇంకొకరికి దాని వేగానికి జిరాక్సు మిషను తట్టుకోలేకపోతోందని. కథలు ముందులా రుచించలేదు. తొమ్మిదిన్నర దాటింది, పది దాటింది, పదకొండున్నర దాటింది. ఒక కాగితాన్ని రెండువైపులా జిరాక్సు తీయమంటే ఒకేవైపు రెండుసార్లు తీశాడు. పన్నెండు ముప్పావుకు మెర్లిన్ ఫోన్ చేసి, తీసుకున్నారని, బుధవారం నుంచి పని అని చెప్పింది. ఒక డాక్టరు మాట సగం మింగేస్తాడని, హెడ్‌ఫోను మంచిది కాబట్టి పట్టుకోగలిగానని చెప్పింది. రాజు హెడ్‌ఫోను సంగతి తనకు ముందే తెలుసన్నాడు.

ఫోను పెట్టేశాక షాపులో మిగిలింది చూసుకున్నాడు. ఖాళీ రాకెట్టు, అగ్గిపెట్టె, బాలాజీ వాపసు తీసుకోని బోర్డు. బోర్డు డబ్బా తిప్పి మొదటిసారి చదివాడు. ఆరు, ఏడు అని వేలెడంత అక్షరాల్లో ఉంది. ఏడో తరం ప్రాసెసరు ఒకటి దొరికితే తన షాపు నడుస్తుంది. కుప్పానికి ఫోన్ కలిపాడు. ఈసారి కూడా రైలు వచ్చే వేళే.

"వెంకటమునీ, గమ్మున విను. ఏడు కావాల. ఆరు తర్వాత వచ్చేది, ఎనిమిదికి ముందుండేది."

"ఏళా? ఉండాది."

"దాన్ని మీ ఇంట్లో ఏమన్నా అనుకోండి. పొట్లం కట్టకముందు దాని వీపు మీద రాసింది ఎవురి ఫోన్లోనన్నా ఫోటో తీసి పంపు. సదవందే నేను తీసుకోను."

 ఫోటోలు పంపడం వెంకటమునికి చేతకాదు.

"ఎట్ట?" అన్నాడు.

రాజు స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. "ఎనిమిది వద్దు సామీ," అన్నాడు. "నీకు దండం పెడతా, ఎనిమిది మాత్రం వద్దు."